మన డిగ్రీలు, వాళ్ళ డిగ్రీలు

చంద్రావతికి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తను చూడనప్పుడు పిల్లాడి ఒళ్ళు చల్లబడిపోవడం. జ్వరమంటే ఆమెకంత బెదురు లేదు. జ్వరం ఒళ్ళు కాల్చి మరీ చెప్తుంది, మందుకి లొంగుతుంది. చల్లబడటం అలా కాదు. కోనసీమలో మనుషుల గురించి ఆ మాట ఒకే ఒక్క సందర్భంలో వాడతారు.

ఆ జూలై ఉదయం, ఎండలు మండే అరబ్బు దేశంలో, అబ్బాసియా అనే పేటలోని వాళ్ళ ఫ్లాటులో అనుకున్న పని చిన్నదే. నాలుగో నెల నడుస్తున్న సూర్యకిరణ్‌కి తలంటు పోయాలి. భర్త ఉదయ్‌కుమార్, "ఒళ్ళంతా నొప్పులుగా ఉందే" అంటూనే సులైబియాలోని కోల్డ్ స్టోరేజికి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అక్కడ గడ్డకట్టిన కోళ్ళకి కాపలా అతని ఉద్యోగం. నొప్పుల మాట ఆమె వినలేదు. సరిగ్గా అప్పుడే పిల్లాడు తుమ్మాడు.

తుమ్మినవాడికి ఊరికే తలంటు పోయకూడదు. ఊరి నుంచి తెచ్చుకున్న పాదరసం థర్మామీటరు మొన్ననే గచ్చు మీద పడి పగిలింది. దాని బదులు ఉదయ్‌కుమార్ ఇక్కడ కొన్న కొత్తది తీసి చంకలో పెట్టింది. అది కుయ్‌మని కూసి, ముప్పై ఏడు చూపించింది.

చంద్రావతి థర్మామీటరుని విదిలించి మళ్ళీ చూసింది. తొంభై ఎనిమిది ఉండాల్సిన చోట ముప్పై ఏడు! ఎనిమిదో తరగతిలో సరిగ్గా సెంటీగ్రేడు పాఠం మొదలయ్యే వేళకి, చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఆమెను బడి మాన్పించారు.

ఏసీ కట్టేసింది. పిల్లాణ్ణి రెండు దుప్పట్లలో చుట్టి, నెత్తికి మొగుడి మంకీ క్యాప్ తొడిగింది. సూర్యకిరణ్ ఎర్రగా కందిపోయి గుక్కపెట్టాడు. మళ్ళీ చూస్తే ముప్పై ఏడు పాయింట్ నాలుగు.

"ఎక్కుతోంది, నా తండ్రే! ఇంకో అరవై ఎక్కావంటే గండం గడిచినట్టే" అని ధైర్యం చెప్పి, గోదాముకి ఫోన్ చేసింది.

ఫోన్ తీసింది గుమాస్తా వెంకటరాజు. అతని బల్ల కోళ్ళ గదుల చలి ఎంతుందో చూపించే బోర్డు కింద ఉంటుంది.

"రాజుగారూ, ఆయన్ని పిలవండి! థర్మామీటరు ముప్పై ఏడు చూపిస్తోంది! బాబు చల్లబడిపోతున్నాడు!"

"చెప్తానుండమ్మా. ఆయ్."

మిషన్ల హోరులో అతను గది తలుపు దగ్గర నిలబడి కేకేశాడు. "ఉదయ్‌గారూ! ముప్పై ఏడంటండీ!"

లోపల మైనస్ పద్ధెనిమిది ఉండాలి. బోర్డు కిందినుంచి వచ్చిన మనిషి ముప్పై ఏడంటున్నాడు. ఉదయ్‌కుమార్‌కి తన ఉద్యోగం కళ్ళముందే కరిగిపోతూ కనిపించింది.

"కూలింగు పోయింది! యల్లా, యల్లా! తొందరగా పెట్టెలు పక్క గదికి మోయండి!" అని కూలీల్ని తరిమాడు.

పక్క గదికి దారి ఎండలోంచే. ఉన్ని కోటుతోనే అతను మంచులోంచి మంటలోకి, మంటలోంచి మంచులోకి తిరిగాడు. సగం కోళ్ళు ఎండలో ఉండగా వెంకటరాజు మళ్ళీ వచ్చాడు.

"ఎందుకండీ మోయిస్తున్నారు? ముప్పై ఏడు కోళ్ళ గదిలో కాదండీ, మీ అబ్బాయి ఒంట్లో! చల్లబడిపోతున్నాడంట!"

ఉదయ్‌కుమార్ కోళ్ళని ఎండలోనే వదిలి టాక్సీ ఎక్కాడు.

ఈలోగా పిల్లాడి ఏడుపు విని పై అంతస్తు కామేశ్వరిగారు దిగొచ్చారు. విజయవాడ మనిషి, ఇంజనీరు భార్య.

"ఇదేమిటమ్మాయ్, పిల్లాణ్ణి కుడుములా ఆవిరి మీద పెట్టావా?"

"చల్లబడిపోయాడండీ! ముప్పై ఏడే ఉంది!"

"అది వీళ్ళ లెక్క తల్లీ. మన లెక్కలో తొంభై ఎనిమిదిన్నర. మామూలే. ముందు ఆ దుప్పట్లు విప్పు!"

విప్పారు. ఏసీ వేశారు. సూర్యకిరణ్ పాలు తాగి నిద్రపోయాడు. కామేశ్వరిగారు మెట్లెక్కేదాకా నవ్వు ఆపుకున్నారు.

ఉదయ్‌కుమార్ చెమటతో తడిసి ముద్దై వచ్చాడు.

"బాబేడే?"

"బంగారంలా ఉన్నాడు. డిగ్రీలు మారాయంతే."

"నాకే బాగాలేదే. పొద్దుట్నించీ చెప్తున్నా. వణుకొస్తోంది."

థర్మామీటరు పెట్టింది. ముప్పై తొమ్మిది. కామేశ్వరిగారుంటే మన లెక్కలో నూటరెండు దాటిందని చెప్పేవారు. ఇప్పుడామెకి లెక్క వచ్చు కనుక కంగారుపడలేదు.

"ముప్పై ఏడు మామూలు. మీకు రెండే ఎక్కువ. అంటే మన నూరు. మా నాన్న నూరు జ్వరంతో కొబ్బరిచెట్లెక్కేవాడు."

అంతలో ఫోన్ మోగింది. "కఫీల్ వచ్చాడమ్మా," అన్నాడు వెంకటరాజు. కఫీల్ అంటే వాళ్ళకి వీసా ఇచ్చిన యజమాని. "కోళ్ళెవరు బయటపెట్టించారని అడుగుతున్నాడు. ఆయ్."

"ఇదిగో, పంపిస్తున్నా."

మిరియాల చారు తాగించి, మంకీ క్యాప్ తనే తొడిగి, గుమ్మందాకా సాగనంపింది. పిల్లాడు మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు.

మీలో ఎవరైనా సులైబియా వైపు వెళ్తే, కోళ్ళ పెట్టెల మధ్య మంకీ క్యాప్ పెట్టుకుని వణుకుతున్న మనిషిని దయచేసి ఓసారి ఒళ్ళు తాకి చూడండి. చల్లగా తగిలితే, అది కోడి.