మెచ్చుకోలు గురువారానికి వాయిదా

పనివాళ్ల తప్పును అప్పటికప్పుడే ఎత్తి చూపడం వల్లనే లోకంలో పనులన్నీ చెడుతున్నాయని గ్రీసు దేశంలోని థెస్సలోనికిలో ఒక పిండివంటల దుకాణం కనిపెట్టింది. దాని ఫలితంగా సోమవారం సాయంత్రం, వంటగది వెనక గదిలో, పని నేర్చుకుంటున్న అరిస్తెయా సంచి సర్దుకుంటోంది. ఏప్రన్, చెప్పులు, జుట్టుకు కట్టుకునే గుడ్డ.

గుమ్మంలో ముసలి వంటగత్తె జంబెతా నిలబడి ఉంది. పిండిని గాల్లోకి విసిరి, కింద పత్రిక పెడితే అక్షరాలు కనిపించేంత పల్చగా సాగదీయడం ఆ పిల్లకు నేర్పింది ఆమే. "చెయ్యి దించు!" అని అరవడమే ఆమె బోధన అంతా. అరవడం క్షణం ఆలస్యమైతే పిండి చిరుగుతుంది.

చలికాలంలో సిబ్బంది వికాస అధికారిగా వచ్చిన పెరిక్లిస్ ఆ అరుపును రద్దు చేశాడు. ఇకపై మంచైనా చెడైనా గురువారం శిక్షణ సమావేశంలో, కూర్చుని మాత్రమే చెప్పాలి. (గురువారం దాకా చిరగకుండా ఆగమని పిండికి ఉత్తర్వు అందలేదు.) మీరినవారిని బల్ల దగ్గరనుంచి తప్పిస్తారు.

ఆ ఉదయం అరిస్తెయా విసిరిన పిండి బల్లంత వెడల్పున, ఒక్క చిరుగూ లేకుండా దిగింది. ఆ ఊళ్లో ముచ్చటపడితే దిష్టి తగలకుండా మూడుసార్లు "ఫ్తూ" అంటారు. ఒక్కసారే అంటే ఛీకొట్టినట్టు. జంబెతా మొదటి "ఫ్తూ" అందో లేదో పెరిక్లిస్ చెయ్యెత్తాడు.

"పెద్దమ్మా! మెచ్చుకోలు కూడా గురువారమే."

"మరి దిష్టి తగిలితే, నాయనా?"

"అదీ గురువారమే తీద్దురుగాని."

యంత్రాల హోరులో అరిస్తెయాకు ఆ మాటలు అందలేదు. ఒక్క "ఫ్తూ" మాత్రం కళ్లారా చూసింది.

ఇప్పుడు సంచి మూతి బిగించింది. "ఒక్కసారే అన్నావు, పెద్దమ్మా. అర్థమైందిలే."

జంబెతా వెనక్కి చూసింది. నడవలో పెరిక్లిస్ నిలబడి ఉన్నాడు. మళ్లీ పిల్లవైపు తిరిగింది. "గురువారం దాకా ఆగవే తల్లీ. అన్నీ చెబుతాను."

"నా పని బాగుందనా, బాగాలేదనా?"

"అదీ... గురువారమే."

"వోలోస్‌లో అక్క దగ్గరికి పోయి హోటల్ గదులు ఊడుస్తాను. అక్కడైతే మొహమ్మీదే తిడతారట. ప్రాణానికి హాయి."

శిక్షణ సమావేశం గురువారం సకాలంలో జరిగింది. జంబెతా ఖాళీ కుర్చీవైపు తిరిగి పిల్ల పనితనాన్ని మెచ్చుకుంది. అభినందన సక్రమంగా అందజేయబడిందని పెరిక్లిస్ ప్రకటించాడు.

అరిస్తెయా సోమవారం సాయంత్రం వెళ్లింది. మళ్లీ రాలేదు.