కట్టయ్య తలూపిన ఆదివారం

ఆ ఆదివారం కట్టయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దుగూకేలోగా రెండు జతల ఇయర్‌ఫోన్లలో ఏది తనకు కావాలో తేల్చుకోవాలి. పెళ్లిచూపులప్పుడు కూడా ఆయన ఇంత తర్జనభర్జన పడలేదు. అప్పుడు చూపించింది ఒక్క పిల్లనే కాబట్టి ఆ అవసరమూ రాలేదు.

కాశిబుగ్గలో కట్టయ్యది గుంట మగ్గం. వారంలో ఆరు రోజులు ఆ మగ్గం చప్పుడే ఆయన చెవులకు తిండి. ఏడో రోజైనా వాటికి పండుగ చేయాలని ఆయన పట్టుదల. పాత బిస్కెట్ల డబ్బా నిండా ఒంటిచెవివీ జంటవీ ఇయర్‌ఫోన్లు దాచుకున్నాడు. “దీంట్ల తబలా కడుపుల నుంచి వస్తది, దాంట్ల ముక్కుల నుంచి వస్తది” అని చెప్పగల మనిషి ఆ వాడకట్టులో ఆయన ఒక్కడే. ఆ మాటలు ఓపిగ్గా వినే మనిషి కూడా ఒక్కడే ఉన్నాడు, మట్టెవాడలో రేడియో దుకాణం నడిపే లియాఖత్ అలీ.

ఆ లియాఖత్ అలీయే శనివారం సాయంత్రం రెండు జతలు తీసి బల్ల మీద పెట్టాడు. “కట్టయ్య భాయ్, మా సాలా, అదే మా బామ్మర్ది, సౌదీ నుంచి పట్టుకొచ్చిండు. ఇదేమో చెవి మీద కూసుంటది. ఇదేమో చెవి లోపటికే పోతది. లోపటికి పోయిందంటే బయటి దునియా బంద్. రేపటిదాంక రెండూ నీ తాన్నే ఉంచుకో. ఒకటి పసంద్ చేస్కో, ఒకటి వాపస్ ఇయ్యి.”

బయటి దునియా బంద్ అన్న మాట కట్టయ్యకు నోట్లో బెల్లం ముక్క వేసినట్టయింది. ఎందుకంటే ఆయన బయటి దునియాలో ఇద్దరున్నారు. మొదటిది భార్య చిలుకమ్మ. కిందటేడు ఆయన చెవిలో వైరు పెట్టుకొని మైమరచి ఉండగా, ముంగిట్లో ఆరబెట్టిన వడియాలను కోళ్లు శుభ్రంగా తినిపోయాయి. “మల్ల నీ చెవుల వైరు కనపడ్డదా, పొయ్యిల పెడ్త” అంది చిలుకమ్మ. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. చెవిలో ఉన్నదాన్ని అప్పుడే పొయ్యిలో పెట్టింది కూడా.

రెండోవాడు పక్కింటి మొగిలయ్య. తన ముందరి గదిలో మిరపకాయలు పట్టే కారం గిర్ని పెడతానని రెండేళ్లుగా వెంటపడుతున్నాడు. గిర్ని నిలవాలంటే ఇనుప కమ్ములు గోడలోకి దిగాలి. ఆ గోడ ఇద్దరికీ ఉమ్మడిది. మిరపకాయల మూటలు నెత్తిన పెట్టుకొని ఎక్కడో దూరాన ఉన్న గిర్నికి నడిచే ఆడవాళ్లందరూ మొగిలయ్య పక్షమే. కట్టయ్య మాత్రం ససేమిరా అన్నాడు. గిర్ని తిరిగిందంటే తన ఆదివారం పిండి అయిపోతుంది. ఆదివారం పోతే తనకు మిగిలేది మగ్గమే. “నా పానం పోయినా సరే గని, ఆ గోడకు మేకు దిగనియ్య” అని నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే చిలుకమ్మ ముంగిట్లో మిరపకాయలు పరిచింది. “ఏమయ్యో, జర గద్దె మీద కూసోని వీటిని సూస్కో. యాకమ్మ మేకలు రాకుంట కనిపెట్టు” అంది. కట్టయ్యకు కావలసిందీ అదే. మాఘమాసం చలి పేరు చెప్పి తలకూ చెవులకూ కలిపి తువ్వాల చుట్టాడు. లియాఖత్ అలీ బాగుచేసి ఇచ్చిన పాత వాక్‌మాన్ అంగీ లోపల దాక్కుంది. ఉమ్మడి గోడకు వీపు ఆనించి, అరుగులా కట్టిన గద్దె మీద కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు.

ముందు, చెవి మీద కూర్చునే జత పెట్టి చూశాడు. సారంగి బాగానే పలికింది కానీ, దాని వెనకే చిలుకమ్మ గిన్నెలు తోమే చప్పుడూ పలికింది. అది తీసేసి రెండో జతను చెవుల్లోకి నెమ్మదిగా నొక్కాడు.

కట్టయ్య ఉలిక్కిపడ్డాడు. లోకం ఉన్నట్టుండి ఆగిపోయింది. చిలుకమ్మ చేతులు గిన్నె మీద తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. ఎదురింటి కోడి మెడ చాచి నోరు తెరిచింది, కూత లేదు. ఆ నిశ్శబ్దంలోకి సారంగి సన్నగా వచ్చి, సరిగ్గా తన కనుబొమల మధ్యన కూర్చుంది. వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఇన్నేళ్లు తాను విన్నది సంగీతం కాదని, దాని ఎంగిలి అని కట్టయ్యకు దుఃఖం వచ్చినంత పనైంది.

మంచి సంగీతం చెవిన పడ్డాక మెడ మన మాట వినదు. కట్టయ్య తల మెల్లగా ఊగసాగింది.

కాసేపటికి చిలుకమ్మ ఎదురుగా వచ్చి నిలబడి ఏదో అంది. చెవుల్లోవి తీస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని ఆయన చిరునవ్వుతో తలూపాడు. ఆమె ఇంకో మాట అంది. ఇంకోసారి ఊపాడు. ఆమె నడుము మీద చేతులు పెట్టుకొని ఆయన వంక ఒక క్షణం చూసి, గబగబా మొగిలయ్య ఇంటివైపు వెళ్లింది. చేదకో చింతపండుకో వెళ్లి ఉంటుందనుకొని కట్టయ్య కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ తెరిచేసరికి ఎదురుగా మొగిలయ్య ఉన్నాడు. పక్కన కరీముద్దీన్ చాచా. వాడకట్టులో ఏ తగాదా అయినా ఆయన ముందరే తెగాలి. మొగిలయ్య చేతులు కట్టుకొని ఏదో చెబుతున్నాడు. రెండేళ్ల తర్వాత మనిషి ఇంత వినయంగా వచ్చాడంటే క్షమాపణ అడగడానికే అయి ఉంటుంది. పోనీలే పాపం, అనుకున్నాడు కట్టయ్య. సరిగ్గా అప్పుడే తబలా అందుకుంది. కట్టయ్య తల కిందికీ పైకీ, కిందికీ పైకీ గట్టిగా ఊగింది. తాళం ఒక చుట్టు తిరిగి సమం మీద పడగానే ఆపుకోలేక చెయ్యెత్తి “వహ్వా!” అన్నాడు.

మొగిలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి కట్టయ్య కాళ్లకు మొక్కాడు. కరీముద్దీన్ చాచా భుజం తట్టి, గడ్డం నిమురుకుంటూ వెళ్లిపోయాడు. సంగీతం తెలియని వాళ్లు కూడా తన ఆనందం చూసి ఇంత కరిగిపోతున్నారా అని కట్టయ్య ఆశ్చర్యపోయాడు.

తర్వాత చిలుకమ్మ చేటలో బియ్యం తెచ్చుకొని పక్కనే కూర్చుంది. రాళ్లు ఏరుతూ చాలాసేపు మాట్లాడింది. ఆమె పెదవులు కదలడం ఆయనకు ఓరకంట కనిపిస్తూనే ఉంది. ఏముంటుంది, నూనె అయిపోయిందనో కట్టెలు తడిసాయనో అయి ఉంటుంది. అంతలో సారంగి ఏదో పాత గాయాన్ని కెలికినట్టు మూలిగింది. కట్టయ్య కంటి నుంచి రెండు చుక్కలు జారాయి. చిలుకమ్మ మాట ఆపి ఆయన ముఖంలోకి చూసింది. కొంగుతో ఆ చుక్కలు తుడిచి, ఇంకో మాటేదో అడిగి, ఆయన తలూపగానే చేట తీసుకొని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత యాకమ్మ వచ్చి చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. ఆమెకూ తలూపాడు. ఇవాళ వాడకట్టంతా ఎంత మంచిగా ఉంది!

కడుపు గోక్కుంటున్నట్టు నటించి అంగీ కింద క్యాసెట్టు తిప్పేసుకున్నాడు. రెండో పక్క మొదలైన కాసేపటికి ఒక అద్భుతం జరిగింది. తబలాకు బేసు వచ్చింది. మామూలు బేసు కాదు, ధన్ ధన్ అని వెన్నులో దిగి ఎముకలను కదిలించే బేసు. వీపు అదురుతోంది, గద్దె అదురుతోంది, కింది దవడ కూడా అదురుతోంది. చెవిలో పెట్టుకున్న ఇంత గింజలో నుంచి వీపు దాకా బేసు పంపినవాడు ఎంతటి మొనగాడో! కట్టయ్య అక్కడికక్కడే నిర్ణయం చేసేశాడు. ఈ జతే తనది. రెండో జత వాపస్.

క్యాసెట్టు అయిపోయింది. లోపల టక్కుమని మీట పడింది.

బేసు ఆగలేదు.

కట్టయ్య ఒక చెవిలోది తీశాడు. ధన్. రెండో చెవిలోదీ తీశాడు. ధన్, ధన్. గోడ పైనుంచి సున్నం పెళ్ల ఒకటి ఊడి ఆయన తువ్వాల మీద పడింది. గబుక్కున లేచి వైర్లను అంగీలోకి తోసి, మొగిలయ్య గదిలోకి పరిగెత్తాడు. అక్కడ ఇద్దరు మనుషులు సమ్మెటలతో ఉమ్మడి గోడకు నాలుగు బొక్కలు కొట్టేశారు. ఇనుప కమ్ములు సగం దిగాయి. పసుపుకుంకుమలు పెట్టిన గిర్ని మూలన కొత్త పెళ్లికూతురిలా కూర్చుంది.

“ఎవడ్ర మిమ్మల్ని గోడ ముట్టమన్నది?” అని అరిచాడు.

“నువ్వే గదనే అన్నా!” అన్నాడు మొగిలయ్య బిత్తరపోయి. “కరీముద్దీన్ చాచా ముందట తలూపినవ్. చెయ్యెత్తి దీవించినవ్. వహ్వా అని గూడ అంటివి!”

అప్పటికే జనం పోగయ్యారు. యాకమ్మ ముందుకు వచ్చి, “నువ్వు సల్లగుండాలె కొడుకా, మేకలను నీ దొడ్లెనే కట్టేసిన” అంది.

“ఏ మేకలు?”

“నా మేకలే. కట్టేస్కోనా అంటె తలూపినవ్ గద?”

దొడ్లోంచి మే అని వినబడింది. ఏ మేకల నుంచి మిరపకాయలను కాపాడమని తనను కూర్చోబెట్టారో, ఆ మేకలే ఇప్పుడు తన దొడ్లో చేరాయి. కట్టయ్య తలపట్టుకున్నాడు.

“గిదేం ఆగం? ఇంకేమన్న ఉన్నదా?” అన్నాడు ఏడుపు గొంతుతో.

“ఉన్నది,” అంది వెనక నుంచి చిలుకమ్మ. “మా అమ్మను ఇక్కడ్నే ఉంచుకుందమంటె తలూపినవ్. అమ్మను తోల్కరానీకి మా తమ్ముడు భాస్కర్ నెక్కొండకు పోయిండు. పొద్దుగూకే రైలుకు దిగుతది.”

అత్త సమ్మమ్మ! నిద్రలో తప్ప నోరు మూయని మనిషి. నిద్రలో కూడా పూర్తిగా మూయదని గిట్టనివాళ్లు అంటారు. గోడ అవతల గిర్ని, ఇవతల సమ్మమ్మ, దొడ్లో మేకలు. కట్టయ్య కళ్లముందు రాబోయే ఆదివారాలన్నీ వరుసగా కూలిపోయాయి. ఇక దాచి లాభం లేదు. పొయ్యిలో పడితే పడనీ అని తెగించి తువ్వాల లాగేశాడు. అంగీలోంచి వైర్లు బయటకు తీసి అందరికీ చూపించాడు.

“ఇగో, సూడుండ్రి! పొద్దుగాల్నుంచి ఇవి నా చెవులల్ల ఉన్నయి. నాకు ఒక్క ముక్క ఇనపడలే! పాటకు తలూపిన. మీకు గాదు!”

అందరూ నిర్ఘాంతపోయారు. సమ్మెట పట్టినవాడు సమ్మెటను అలాగే గాలిలో ఉంచేశాడు. యాకమ్మ ముక్కున వేలేసుకుంది. మొగిలయ్య ముఖం పాలిపోయింది.

కరీముద్దీన్ చాచా మాత్రం నిదానంగా అన్నాడు, “వైర్లు లేనోళ్లు మాత్రం ఎంతమంది ఇంటాన్నరు బేటా?”

“అట్లగాదు చాచా! చెవులు మూసుకున్నోన్ని అడిగిన మాట చెల్లుతదా? మీరే చెప్పుండ్రి. వీళ్లకేమెరుక నాకు ఇనపడ్తలేదని?”

“నాకెరుకే,” అంది చిలుకమ్మ.

కట్టయ్య తల గిర్రున ఆమెవైపు తిరిగింది.

“తువ్వాల కింద వైరు ఎలుకతోక లెక్క ఏలాడుతాంది. కనపడదా? పరీక్ష జేద్దామని ‘ఇల్లు అంటుకున్నదయ్యా’ అన్న. మంచిగ నవ్వి తలూపినవ్. ‘నేను బాయిల దుంకుత’ అన్న. దానికి గూడ ఊపినవ్. ఇగ ఇంతకన్న మంచి దినం దొరకదని నేనే పోయి మొగిలయ్యను తోలిచ్చిన. రెండేండ్ల సంది ఆ మిరపకాయల మూటలు మోసి మోసి నా మెడ ఇరిగింది. అది ఎవలకన్న ఇనపడ్డదా?”

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా గుసగుసలాడారు. ఆ గుసగుసల్లో ఒక్కటీ కట్టయ్య పక్షాన లేదు.

“అయినా సరే, నేను ఒప్పుకోలే!” అన్నాడు కట్టయ్య, బలం లేని గొంతుతో.

చిలుకమ్మ ఆయన చేతిలోంచి ఇయర్‌ఫోన్లు తీసుకుంది. వాటిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. “ఒప్పుకున్ననని అందరి ముందట చెప్పు, ఇవి నీకే ఉంటయి. ఒప్పుకోలేదంటవా, పొయ్యి మండుతనే ఉన్నది.”

సారంగి కనుబొమల మధ్య కూర్చున్న ఆ క్షణం కట్టయ్యకు గుర్తొచ్చింది. వాయించేవాడి ఊపిరి గుర్తొచ్చింది. అందరి వంకా చూసి, మెల్లగా తలూపాడు. ఆ రోజు మొత్తంలో ఆయన తెలిసి ఊపిన తల అదొక్కటే.

సమ్మెట మళ్లీ లేచింది. జనం చెదిరాక కట్టయ్య వంటింటి గడపలో నిలబడ్డాడు. “ఏమే, బియ్యం ఏరుకుంట నా పక్కన కూసోని ఏమో చెప్పినవ్ గద. అది గూడ అమ్మ ముచ్చటేనా?”

“కాదు. అమ్మ ముచ్చట ఆఖర్ల అడిగిన.”

“మరేంది?”

“లగ్గమైనకాన్నుంచి చెప్పాలనుకున్నది. చెప్పిన.”

“మల్లొకసారి చెప్పు. ఈసారి ఇంట.”

“ఒకసారి చెప్పుడే కష్టమాయె. నువ్వు ఏడిస్తివి, నా మనసు సల్లబడ్డది. అయిపోయింది.” చిలుకమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసి, ఇటు తిరగలేదు.

గోడకు బొక్కలు పడ్డప్పుడు కూడా కట్టయ్య ఇంత అదిరిపోలేదు. ఆ కన్నీళ్లు సారంగివని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా ఉండటానికీ ప్రాణం ఒప్పుకోలేదు. చెప్పులేసుకొని మట్టెవాడకు నడిచాడు.

“ఏది పసంద్ చేసినవ్ భాయ్?” అని అడిగాడు లియాఖత్ అలీ.

“లోపటికి పోయేది,” అన్నాడు కట్టయ్య. “ఇగ అది లేకుంటె బతుకలేను.”

మరుసటి ఆదివారం గోడ అవతల గిర్ని, ఇవతల సమ్మమ్మ ఒకేసారి మొదలుపెట్టారు. కట్టయ్య తువ్వాల లేకుండా దర్జాగా గద్దె మీద కూర్చొని వైర్లు పెట్టుకున్నాడు. కాసేపటికి చిలుకమ్మ బియ్యం చేట తెచ్చుకొని పక్కన కూర్చుంది. ఆయన గబుక్కున రెండు చెవుల్లోవీ తీసేసి ఆశగా ఆమె ముఖంలోకి చూశాడు.

“మేకలకు నీళ్లు పెట్టినవా?” అంది చిలుకమ్మ.

ఆనాటి నుంచి కాశిబుగ్గలో మెడ బిగబట్టుకొని సంగీతం వినే రసికుడు కట్టయ్య ఒక్కడే.