పేరు లేని బూట్లు

ఆ గురువారం పొద్దున్న వెర్నా థీసెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు స్కూలు బోర్డు సభ్యుడు లైల్ డ్రేపర్ వస్తాడు. బడి అద్దంలా మెరుస్తూ ఉంటుంది. పిల్లలు నాటకం వేస్తారు. ఆయన కరిగిపోయి, బడులకు కళాకారులను పంపే కార్యక్రమాన్ని రద్దు చెయ్యాలన్న తన ప్రతిపాదనను సోమవారం మీటింగులో తనే వెనక్కి తీసుకుంటాడు. ఇందులో తేడా రావడానికేముంది అనుకుంది వెర్నా. మానిటోబాలో, అదీ ఫిబ్రవరిలో, బుద్ధున్నవాళ్ళెవరూ అలా అనుకోరు.

హార్ట్‌నెల్ అనే ఆ చిన్న ఊరి బడికి ఆవిడ ప్రిన్సిపాల్. చలికాలమంతా మంచులో కూరుకుపోయి ఉండే ఆ పిల్లల దగ్గరికి ఏడాదికి ఒక్క వారం, విన్నిపెగ్ నుంచి నటులో కథలు చెప్పేవాళ్ళో వచ్చి ఉంటారు. ఈసారి వచ్చిన మనిషి సోలాంజ్ ఫూర్నియే. మెడలో ఎర్ర మఫ్లరు, హాలు దద్దరిల్లే గొంతు, వెంట ఎలుగుబంటి వేషం పెట్టిన ట్రంకుపెట్టె. ఆవిడ వచ్చిన రెండో రోజునే మూడో తరగతి సిగ్రున్ నోరు విప్పింది. బడిలో చేరినప్పటి నుంచి తల ఊపడమే తప్ప ఒక్క ముక్క మాట్లాడని పిల్ల, ఎలుగుబంటికి పెళ్ళి సంబంధం మాట్లాడుతూ గలగలా వాగేసింది. వెర్నా తలుపు పక్కన నిలబడి విని, ఆఫీసులోకి వెళ్ళి తలుపేసుకుని హాయిగా ఏడ్చింది. ఈ కార్యక్రమం పోనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది.

సిగ్రున్ నోరు విప్పించింది సోలాంజ్ నేర్పిన ఆట. "ఎదుటివాళ్ళు ఏం చెప్పినా కాదనకూడదు. 'ఔను' అనాలి. 'పైగా' అని ఇంకోటి కలపాలి. కాదన్నారంటే కథ అక్కడే చచ్చిపోతుంది. తెలిసిందా?" అని చెప్పింది పిల్లలకు. గురువారం నాటకం పూర్తయ్యేదాకా ఎవరూ ఈ నియమం తప్పకూడదంది. వెర్నా కూడా ముచ్చటపడి ఒప్పుకుంది.

ఇక ఆ పొద్దున్న వెర్నా చేసిన మొదటి పని, బడి బాగోగులు చూసే ఓరెస్ట్‌ను పిలవడం.

"ఓరెస్ట్, వరండా చూశావా? బూట్ల సంతలా ఉంది."

"చలికాలం కదా మేడమ్. మంచు బూట్లు గుమ్మంలో విప్పక నెత్తిన పెట్టుకుంటారా?"

"వేళాకోళాలు తరవాత. పేరు రాసున్నవి అరల్లో సర్దు. పేరు లేనివి ఒక్కటి కూడా నా కళ్ళబడకూడదు. పాత సామాన్ల దుకాణం నడిపే చర్చి ఆడవాళ్ళు ఇవాళ వస్తారుగా, వాళ్ళకిచ్చెయ్."

పిల్లల బూట్ల లోపల తల్లులు పేరు రాసి పంపుతారు. పేరు లేనివంటే ఎవరో ఎప్పుడో వదిలేసినవన్న మాటే. ఓరెస్ట్ తలాడించి, గోనె సంచి తీసుకుని బయలుదేరాడు.

ఇంతలో లైల్ డ్రేపర్ వచ్చేశాడు. ఆయన తన పెళ్ళికి కూడా అందరికంటే ముందు వచ్చి కుర్చీలు సర్దిన మనిషి. అందరిలాగే గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతో టీచర్ల గదిలోకి నడిచాడు. వెర్నా ఎదురెళ్ళి కాఫీ పోసింది. ఆయన గోడలు చూశాడు, కప్పు చూశాడు, కాఫీ చూశాడు.

"నాటకాలొద్దని నేననట్లేదండీ. కానీ బడిని వెచ్చగా ఉంచే బాయిలర్ పాతబడింది. దేనికి ముందు చూడాలంటారు?" అన్నాడు.

"ముందు పిల్లల్ని చూడండి. తరవాత మీ ఇష్టం," అంది వెర్నా.

"సరే, కార్లో చెప్పులు మరిచిపోయాను. తెచ్చుకుంటా," అని వరండాలోకి వెళ్ళి, అక్కడి నుంచే కేకేశాడు. "మేడమ్! నా బూట్లేవీ?"

వెర్నా పరుగున వచ్చింది. వరండా నిజంగానే అద్దంలా ఉంది. ఆ అద్దంలాంటి నేల మీద బోర్డు సభ్యుడు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలి మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. అటుగా పోతున్న సిగ్రున్ ఆగి, ఆ వేలినే చూస్తోంది.

"పాపా, నా బూట్లు చూశావా?" అడిగాడాయన.

"ఔను," అంది సిగ్రున్. "పైగా అవి వాటంతటవే నడిచెళ్ళిపోయాయి."

వెర్నాకు గుండె నిండిపోయింది. ఆ పిల్ల కొత్తమనిషితో మాట్లాడింది! ఆ వెంటనే గుండె జారింది కూడా.

"సిగ్రున్, నిజం చెప్పమ్మా. ఎవరైనా తీశారా?"

"ఔను మిసెస్ థీసెన్. పైగా ఎలుగుబంటి తొడుక్కుంది."

"అంటే నాటకంలోకి తీసుకెళ్ళారా?" అన్నాడు డ్రేపర్.

"ఔను! పైగా ఎలుగుబంటికి బిగుతయ్యాయి, చింపేసింది."

డ్రేపర్ మొహం ఎర్రబడింది. అప్పుడే ఓరెస్ట్ సంచిని చర్చి ఆడవాళ్ళ కారెక్కించి, ఖాళీ చేతులతో అటు వచ్చాడు. ముందే వచ్చేసిన డ్రేపర్ కారును గాని, వచ్చిన మనిషిని గాని అతను చూడలేదు. బోర్డు సభ్యుడు పదింటికి వస్తాడనే అతని లెక్క. అందుకని తన సంచి మీద అతనికి అనుమానమే రాలేదు.

"ఈ పిల్లలు ఏదైనా దాచారంటే బాయిలర్ గదిలోనే మేడమ్," అన్నాడు ఓరెస్ట్. "ఏమ్మా, బాయిలర్ గదిలో పెట్టారా?"

"ఔను. పైగా బాయిలర్ మీదే పెట్టారు."

"బాయిలర్ మీదా! రబ్బరు బూట్లే! కాలుతున్నాయా ఏంటి?"

"ఔను!" సిగ్రున్ కళ్ళు మెరిశాయి. ఇంత పెద్ద కథ ఆ పిల్లకు ఎప్పుడూ దొరకలేదు. "పైగా నల్లటి పొగ!"

"ఓరెస్ట్, ఆగు, అది ఆట..." అని వెర్నా అనేలోపే ఓరెస్ట్ గోడ మీది ఎర్ర మీట లాగేశాడు.

గంటలు బడి పైకప్పు ఎగిరిపోయేలా మోగాయి. చలికాలంలో ఈ మంటల గంట మోగితే బడంతా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న కర్లింగ్ హాలుకు పోవాలి. ఊళ్ళోని ముసలివాళ్ళు పొద్దుటి పూట మంచు మీద రాళ్ళు తోసుకుంటూ, వాటి ముందు చీపుళ్ళతో ఊడుస్తూ ఆడుకునే చోటు అది. పిల్లలు కోట్లు తగిలించుకుని వరస కట్టారు. బయట గాలి చెవులు కోసేస్తోంది. డ్రేపర్ మాత్రం గుమ్మంలోనే మేజోళ్ళతో నిలబడిపోయాడు.

సోలాంజ్ క్షణం ఆలోచించలేదు. ట్రంకుపెట్టెలోంచి ఎలుగుబంటి పాదాలు తీసి ఆయన ముందు పడేసింది. దూది కూరిన బొచ్చు పాదాలు, ఒక్కోదానికి జానెడు గోళ్ళు.

"వేసుకోండి సార్. వేళ్ళు ఊడిపోవడం కంటే నయం."

బోర్డు సభ్యుడు లైల్ డ్రేపర్ ఊరి నడిబొడ్డున, ఎలుగుబంటి పాదాలతో, గోళ్ళు తన్నుకుని పడకుండా కిందికే చూసుకుంటూ రోడ్డు దాటాడు.

హాల్లో ఆట ఆగింది. చేతిలో చీపురు పట్టుకుని ముందుకొచ్చిన పెద్దావిడ హుల్డా. డ్రేపర్ తల్లికి చెల్లెలు.

"ఏరా లైల్, ఏంట్రా ఆ కాళ్ళు?"

"నా బూట్లు పోయాయి పిన్నీ."

"అందుకని ఎలుగుబంటివి కొట్టేశావా?"

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే సోలాంజ్ మఫ్లరు విసురుగా వెనక్కి వేసి, గొంతెత్తింది. "అనగనగా ఒక ఎలుగుబంటి, చలికాలం మధ్యలో నిద్రలేచి ఊళ్ళోకొచ్చింది!" పిల్లలంతా గుండ్రంగా చేరిపోయారు. డ్రేపర్ పారిపోవాలనుకున్నాడు గాని, ఆ పాదాలతో పారిపోవడం కుదిరే పని కాదు. పిల్లలు ఉత్తుత్తి తేనె ఇచ్చారు, తిన్నాడు. గుర్రు పెట్టమన్నారు, పెట్టాడు. రెండోసారి ఎవరూ అడక్కుండానే పెట్టాడు. ముసలివాళ్ళు చీపుళ్ళు నేలకేసి కొట్టి మెచ్చుకున్నారు. వాళ్ళంతా ఆయన్ని బోర్డుకు ఎన్నుకునే ఓటర్లు.

చివర్లో సిగ్రున్ ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఎలుగుబంటి గారూ, వచ్చే ఏడాది కూడా సోలాంజ్ వస్తుందా?"

డ్రేపర్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, అది బోర్డు..."

"కాదనకూడదు!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు.

"కాదనకూడదటరా," అంది హుల్డా, చీపురు కర్ర నేలకానించి.

"ఔను," అన్నాడు డ్రేపర్, చిన్నగా.

పిల్లలు కళ్ళార్పకుండా ఎదురుచూస్తున్నారు.

"పైగా?" అంది సిగ్రున్.

ఆయన ఆ పిల్ల మొహం చూశాడు. పిన్ని చేతిలోని చీపురూ చూశాడు. "పైగా... ఈసారి రెండు వారాలు."

మంటలేమీ లేవని కబురొచ్చి, అందరూ తిరుగుముఖం పట్టినప్పుడు, హాలు గుమ్మంలో ఆటగాళ్ళు విప్పిన బూట్ల వరస ముందు డ్రేపర్ కొయ్యబారిపోయాడు.

"అవి నావి!"

"నీవెలా అవుతాయిరా? ఇందాక మా చర్చి దుకాణం ఆడవాళ్ళు ఇటు పోతుంటే, మీ బాబాయికని కొని ఇక్కడ పెట్టాను. బడి సంచిలో వచ్చాయి," అంది హుల్డా. "లోపల పేరుందా? చూసుకో."

పేరు లేదు. "పేరు లేనివి తీసెయ్యమన్నారండీ," అని గొణిగి, ఓరెస్ట్ మెల్లగా గుంపు వెనక్కి నడిచాడు. డ్రేపర్ వెర్నా వైపు తిరిగాడు.

"పేరు లేనివి తీసెయ్యమని చెప్పింది మీరేనా?"

వెర్నా చుట్టూ చూసింది. మూడో తరగతి మొత్తం ఆవిడ నోటివంకే చూస్తోంది.

"ఔను," అంది. "పైగా వరండా ఎంత శుభ్రంగా ఉందో మీరే చూశారు."

మరుసటి ఫిబ్రవరిలో సోలాంజ్ రెండు వారాలకు వచ్చింది. లైల్ డ్రేపర్ కూడా వచ్చాడు, చెప్పిన వేళకంటే చాలా ముందే. ఆయన గుమ్మంలో విప్పి వెళ్ళిన కొత్త బూట్లను ఓరెస్ట్ తిరగేసి చూశాడు. లోపల నల్లసిరాతో, పెద్ద పెద్ద అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా రాసి ఉంది.