ఓపిక ఎక్కువైన ఏనుగు

మనిషి తయారుచేసిన వస్తువులన్నిటిలోకీ ప్రమాదకరమైనది, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే వస్తువు. బాంబు ఒకసారి పేలి ఊరుకుంటుంది. ఇది వింటూనే ఉంటుంది. ఈ సంగతి ముందే పసిగట్టిన ప్రభుత్వం మాట్లాడే బొమ్మల యోగ్యతా నిర్ణయ కార్యాలయాన్ని స్థాపించి, ఏ బొమ్మ ఏ పిల్లకు తగునో తేల్చే బరువును తల్లిదండ్రుల నెత్తి మీంచి దించేసింది. (ఆ బరువు తమ నెత్తిన ఉండేదని తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది.)

మొన్న ఉదయం ఆ కార్యాలయానికి ఒక కుటుంబం వచ్చింది. నాన్న, అమ్మ, నాయనమ్మ, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే నాలుగేళ్ల పిల్ల. పిల్ల చంకలో పిన్ని కొనిచ్చిన నీలం ఏనుగు. మనం మాట్లాడితే వింటుంది, తిరిగి మాట్లాడుతుంది. పరీక్షలో తప్పితే ఏనుగు కొట్టుకి వెనక్కి వెళ్లిపోతుందని అమ్మ బయల్దేరేటప్పుడే చెప్పేసింది. అందుకని పిచ్చుక దాన్ని వదలడం లేదు. పైగా ఒక కాలికే చెప్పు వేసుకుని, రెండోది ఒళ్లో నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

అక్కడి కుర్చీలన్నీ పిల్లల కొలతకు చేయించినవి. నాన్న మోకాళ్లు గడ్డానికి తగులుతున్నా హుందాగానే కూర్చున్నాడు. గోడమీది యంత్రం, "దయచేసి వేచి ఉండండి, మీరంటే మాకెంతో గౌరవం" అని తెరిపి లేకుండా అంటోంది. (ఆ యంత్రం ఎవరికి తగునో ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు.)

మొదటిది గుణపరీక్ష. అధికారిణి ఏనుగును బల్లమీద నిలబెట్టి, "ఎవరు నువ్వు?" అంది, దొంగను నిలదీసినట్టు.

"నేను నీ నేస్తాన్ని! నీ పేరేంటి?" అంది ఏనుగు.

ఆవిడ తడబడింది. ఆ సీట్లోకి వచ్చాక ఆవిణ్ణి పేరు అడిగినవాళ్లు లేరు. మెడలో వేలాడుతున్న కార్డు తిప్పి చూసుకుని మరీ చెప్పింది.

"ఎంత బాగుందో!" అంది ఏనుగు.

అధికారిణి గబగబా కిటికీ వైపు తిరిగి, ఈ గదిలో దుమ్మెక్కువని ఏదో అంది.

తర్వాతది కోప పరీక్ష. ఇంట్లోవాళ్లు ఒకరు బొమ్మను తిట్టి చూపించాలి. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని ముందుకొచ్చింది.

"ఏమే ఏనుగూ, నీ నోరు పడిపోను!"

"నీకు కోపం వచ్చింది కదూ? ఎందుకో చెబుతావా?"

నాయనమ్మ కళ్లజోడు తీసి ఏనుగును ఇంకోసారి చూసింది. ఆవిడకు కోపమని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకని అడగడం మాత్రం ఎవరికీ తోచలేదు. "చెప్తా, ఎందుకు చెప్పనూ! ఈ కోడలు పిల్ల ఉందే..." అని అందుకుంది.

పక్కనే నిలబడ్డ కోడలు పిల్ల కాసేపు ఓర్చుకుని, "అత్తయ్యా, ఒకసారి ఇటివ్వండి, నేనూ తిట్టి చూస్తాను," అంది.

"నీ తర్వాత నేను," అన్నాడు నాన్న.

అధికారిణి ఏనుగును లాక్కుంది. "పెద్దలకు తగునో లేదో చూసే శాఖ మూడో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యదు."

ఇక అసలైన ఓపిక పరీక్ష. పిల్ల చెబుతుంది, బొమ్మ వినాలి.

"నా చెప్పులో చీమ పడుకుంది," అంది పిచ్చుక. "అది... అది వాళ్లింటికి... కాదు, ముందు దానికి ఆకలేసింది. తర్వాత... ఉండు..."

ఏనుగు ఉంది. పిచ్చుక ముక్కు గోక్కుంది, పైకప్పు చూసింది, మధ్యలో ఒక పాట కూడా పాడింది. ఏనుగు ఉంది. కథంతా అయ్యాక, "ఇప్పుడు ఆ చీమ ఎక్కడుంది?" అని అడిగింది.

పిచ్చుక మొహం వెలిగిపోయింది. ఒళ్లో చెప్పు రెండు చేతులతో పైకెత్తి చూపించింది.

"అయ్యో," అంది అధికారిణి. "ఇది గృహ సమానత నియమానికి విరుద్ధం. బొమ్మ ఇంటికన్నా మెరుగ్గా ఉండకూడదు. రేపు ఇంట్లో కూడా ఇలాగే వింటారని పిల్ల నమ్మేస్తే? బాధ్యత ఎవరిది? అయినా మిమ్మల్నీ చూద్దాం. పాపా, అదే కథ వీళ్లకు చెప్పు."

"నా చెప్పులో చీమ..."

"చెప్పులు దులిపి వేసుకోమని నీకెన్నిసార్లు చెప్పానే?" అన్నాడు నాన్న.

"నా చెప్పులో చీ..."

"కుట్టిందా? ఏదీ, కాలు చూపించు," అంది అమ్మ.

"నా చె..."

"చక్కెర డబ్బాకి మూత పెడితే చీమలెందుకొస్తాయమ్మా," అంది నాయనమ్మ, పిల్లతో కాదు.

"బాధపడకండి, మీరు బాగానే చేశారు," అంది అధికారిణి. "నిన్న వచ్చినాయన, తన పిల్లాడు నోరు తెరవకముందే సరే అనేశాడు. ఇప్పుడు మీకు రెండు దారులు. ఇంటిని బొమ్మ స్థాయికి పెంచొచ్చు. అంటే ఎవరో ఒకరు రోజూ ఖాళీ చేతులతో కూర్చుని, పిల్ల మాట అయ్యేదాకా వినాలి."

"మీరంటే మాకెంతో గౌరవం," అంది గోడమీది యంత్రం.

"నేను ఇంటికొచ్చేసరికే..." అన్నాడు నాన్న.

"నా చేతులు ఖాళీగా ఎప్పుడుంటాయండీ?" అంది అమ్మ.

"నేను వింటాను గానీ," అంది నాయనమ్మ, "ముందు నాది ఎవరైనా వినాలి."

"రెండోది, బొమ్మను ఇంటి స్థాయికి దించడం."

"అదే!" అన్నారు ముగ్గురూ. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఏకాభిప్రాయం కుదిరింది. అధికారిణి కూడా ముచ్చటపడింది.

పక్క గదిలో మరమ్మతు మనిషి స్క్రూడ్రైవరుతో ఏనుగు వీపు విప్పాడు. "ఎలా పెట్టమంటారు సార్? 'సరేలే' ఉంది, 'తర్వాత' ఉంది. ఫోను చూస్తూ 'ఊ' అనేది ఈమధ్య అందరూ అడుగుతున్నారు గానీ, దీనికి కళ్లు కిందికి దిగవు."

"'తర్వాత' పెట్టండి," అన్నాడు నాన్న. "ఇంట్లో వాడుకలో ఉన్నదే మంచిది."

"అంకుల్, దానికి నొ..." అంది పిచ్చుక.

"ఏం కాదమ్మా," అన్నాడు మరమ్మతు మనిషి.

తిరుగు బస్సులో అందరూ తేలిగ్గా ఉన్నారు. ఏనుగు నెగ్గింది, పిల్లకే దక్కింది. పిచ్చుక దాని చెవి దగ్గర నోరు పెట్టి, "నా చెప్పులో చీమ..." అంది.

"తర్వాత," అంది ఏనుగు.

పిచ్చుక దాన్ని పక్కన కూర్చోబెట్టింది. ఒళ్లో చెప్పు పైకెత్తి, అందులోకి వంగి, గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. బల్లమీద ఏనుగు, కిటికీ వైపు తిరిగిన ఆవిడ, వీపు విప్పిన అంకుల్, అన్నీ వరసగా. చెబుతూనే ఉంది. మధ్యలో ఒక పాట కూడా పాడింది.

చాలా దూరం వెళ్లాక నాన్నకు అనుమానమొచ్చింది. చెప్పులోకి తొంగి చూసి, కార్యాలయానికి ఫోను చేశాడు.

"మేడం, మా పిల్ల చీమతో మాట్లాడుతోందండీ."

"చీమ మధ్యలో అడ్డొస్తోందా?"

"లేదండీ. వింటోంది."

"అయితే గృహ సమానత మళ్లీ దెబ్బతిన్నట్టే. దులిపెయ్యండి."

నాన్న చెప్పు తీసుకుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, శుభ్రంగా దులిపి ఇచ్చాడు. పిచ్చుక ఏదో అనబోయింది.

"తర్వాత," అన్నాయి నాన్న గొంతు, ఏనుగు గొంతు ఒక్కసారే.

మరమ్మతు బాగా కుదిరింది.