స్కెల్‌థోర్ప్ చర్చి కప్పు పని

స్కెల్‌థోర్ప్ ఊళ్ళో సెయింట్ బోటాల్ఫ్ చర్చి పునరుద్ధరణే తన జీవితాశయమని పార్లమెంటు సభ్యులు లాక్స్‌టన్ గారు మరోసారి ప్రకటించారు. ఇంతకుముందు కూడా ప్రతి ఎన్నికకీ ముందు ప్రకటించారు. ఈసారి గొంతు కాస్త గద్గదమైంది, అదే తేడా.

ఎనిమిది వందల ఏళ్ళ చర్చి అది. వెనకటికి రాజుగారి మనుషులొచ్చి వెండి గిన్నెలు పట్టుకుపోయారు. అంతర్యుద్ధంలో సైనికులొచ్చి రాతి దేవదూతల ముక్కులు కొట్టేసిపోయారు. సీసపు కప్పు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పాపం, అది తనంతట తానే చిల్లులు పడింది.

చర్చి బాగోగులు చూసే మ్యూరియల్ హెబ్డెన్ యార్క్‌షైర్ వానల్లో బక్కెట్లు మారుస్తూ సగం జీవితం గడిపింది. క్రిస్మస్‌లోగా కప్పు బాగుపడకపోతే తాళం వేసేస్తామని బిషప్ గారి ఆఫీసు తేల్చి చెప్పింది. కోటు తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టుకుంటానంటే రెండేళ్ళు ఆలోచించిన ఆఫీసు, తాళం విషయంలో చురుగ్గానే ఉంది. మ్యూరియల్ కి పేరు పెట్టింది ఆ చర్చిలోనే, పెళ్ళయింది అక్కడే, మొగుడు మట్టిలో పడుకున్నది ఆ గోడ పక్కనే. తాళం మాట తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగేది కాదు.

అలాంటిది ఒక గురువారం పొద్దున్నే పసుపుపచ్చ కోట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు నిచ్చెనలతో లారీ దిగారు. వచ్చీరాగానే కప్పెక్కి సీసం రేకుల్ని చాపల్లా చుట్టడం మొదలుపెట్టారు.

"లాక్స్‌టన్ గారు పంపారా బాబూ?" అని కిందనుంచి కేకేసింది మ్యూరియల్.

పైనున్నవాడు రెండోవాడి వైపు చూశాడు. "ఆయనే తల్లీ. దేవుడిలాంటి మనిషి."

ఆ ఊళ్ళో నిచ్చెనెక్కిన మనిషికి ముందు టీ ఇవ్వాలి, ప్రశ్నలు ఆ తర్వాతే. టీ ఇచ్చాక ప్రశ్నలడగడం మర్యాద కాదు. కాబట్టి ఆమె టీ ఇచ్చింది, అల్లం కేకు కోసి పెట్టింది, ఆ తర్వాత కృతజ్ఞతలు చెబుదామని లాక్స్‌టన్ గారి ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఏ పనివాళ్ళు?" అంది అవతలి పిల్ల. కాసేపు గుసగుసలు వినిపించాయి. "ఆఁ ఆఁ, మా పనివాళ్ళేనండీ! వాళ్ళని కదలనివ్వకండి. సార్ ఫొటోగ్రాఫర్‌తో బయల్దేరారు."

ఆయనకన్నా ముందే కౌన్సిల్ పెద్ద గ్రిమ్‌షా గారు ఊడిపడ్డారు. ప్రతిపక్షమైనా ప్రజాసేవలో వెనకబడే మనిషి కాదు.

"ఈ పని శాంక్షన్ చేయించింది నేను," అన్నారు గ్రిమ్‌షా.

"లండన్‌లో నేను మెడలు వంచితే వచ్చింది," అన్నారు లాక్స్‌టన్ కారు దిగుతూనే.

"ఫైలు కదిలింది నా టేబుల్ మీదినుంచి!"

"నీ టేబుల్ మీద కదిలేవి టీ కప్పులేనయ్యా!"

ఇద్దరూ నిచ్చెన మీదివాడి వైపు తిరిగారు. "తమరిద్దరి చలవేనండీ," అన్నాడతను. న్యాయం తెలిసిన మనిషి.

లాక్స్‌టన్ గారు కోటు విప్పి, ఒక సీసం చుట్టకి స్వయంగా చెయ్యేసి లారీలోకి ఎక్కించారు. ఫొటో సరిగా పడలేదంటే ఇంకోటి ఎక్కించారు. పనివాళ్ళ మధ్య నిలబడి, చెరో భుజం మీదా చెయ్యేసి నవ్వారు. మొదటి ప్రకటన నాడే చేయించిన ఇత్తడి ఫలకం కారు డిక్కీలో ఉండనే ఉంది. దాన్ని గోడకి బిగించారు. ఆ మేకులకి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

బరువుకి లారీ చక్రం గేటు దగ్గర కూరుకుపోయింది. కానిస్టేబుల్ ట్రాఫిక్ ఆపాడు. లాక్స్‌టన్, గ్రిమ్‌షా భుజం భుజం కలిపి వెనకనుంచి తోశారు. పార్టీలకతీతంగా ఆ జిల్లాలో జరిగిన పని అదొక్కటే.

"కొత్త రేకులు ఎప్పుడేస్తారు బాబూ?"

"సోమవారం తల్లీ. కేకు బ్రహ్మాండం." టీ కప్పులు కడిగి మరీ ఇచ్చి వెళ్ళారు.

ఆదివారం వాన పట్టుకుంది. సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం ఫొటోతో సహా లాక్స్‌టన్ గారి కరపత్రం ఇంటింటికీ వచ్చింది. "మొదటి దశ విజయవంతం" అని ఉంది అందులో. మ్యూరియల్ మళ్ళీ ఫోన్ చేస్తే, కప్పు సంగతి గ్రిమ్‌షా గారిని అడగాలంది ఆ పిల్ల. గ్రిమ్‌షా గారు మాత్రం, ఆ ఘనతంతా లాక్స్‌టన్ గారిదేనని పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

చర్చిలో ఇప్పుడు బక్కెట్ ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడ పెట్టినా నిండుతుంది. బిషప్ గారి ఆఫీసు క్రిస్మస్ దాకా ఆగలేదు. తన చేత్తోనే తలుపుకి తాళం వేస్తుంటే మ్యూరియల్ కి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

కానిస్టేబుల్ వచ్చి అదే తలుపుకి ఒక నోటీసు అంటించాడు. సీసం ఎత్తుకుపోయిన దొంగల ఫొటో ఊరు మొత్తానికీ ఒక్కటే ఉంది, అది కరపత్రంలోది. తన పరువు కాపాడమని లాక్స్‌టన్ గారు స్టేషన్‌కి ఫోన్ చేశారట. అందుకని మధ్యలో ఉన్న ముఖాన్ని మసక చేసి, "ఈ వ్యక్తుల ఆచూకీ తెలిసినవారు చెప్పగలరు" అని కింద అచ్చు వేశారు.

కుక్కని తిప్పుతూ వచ్చిన పొరుగూరి ముసలాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఈ ఇద్దరూ సరే. మధ్యలో ముఖం లేనివాడెవడమ్మా? ఎక్కడుంటాడు?"

మ్యూరియల్ తాళంచెవి సంచిలో వేసుకుంది.

"వెతకడమెందుకండీ? ఎన్నికలు వచ్చే నెలే. ఆయనే మీ గుమ్మం ముందుకొస్తాడు."