మీట నొక్కితే లేచిన పేషెంటు

పేషెంట్లను ఎత్తే యంత్రాలొస్తున్నాయనీ, ఇకపై ఈ ప్రభుత్వంలో ఏ నర్సుకూ నడుం నొప్పి ఉండదనీ ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటన ఆ క్షణమే అమల్లోకి వచ్చింది కాబట్టి, ఎముకల వార్డు పెద్ద సిస్టర్ పెట్టిన సిక్ లీవు సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. లేని నొప్పికి సెలవెలా ఇస్తారు? న్యాయమే కదా!

నొప్పి లేకపోయినా పెద్ద సిస్టర్‌కి వంగితే లేవడం కుదరడం లేదు. "ఇంకోసారి ఒక్కదానివే పేషెంటుని ఎత్తావంటే, ఆ తర్వాత నిన్ను ఎత్తాల్సొస్తుందమ్మా" అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అందుకే చిన్న సిస్టర్ చెయ్యి కలపనిదే ఆమె ఎవర్నీ కదపదు. వార్డు మొత్తానికి ఉన్నది ఈ ఇద్దరే.

మంత్రిగారి మాటంటే మాటే. ఆ వార్డుకి యంత్రం నిజంగానే వచ్చేసింది! పెద్ద సిస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"సార్, ముందు పూటంతా చార్జింగ్ పెట్టాలట" అంది సూపరింటెండెంటుతో.

ఆయన అదిరిపడ్డాడు. "మతిపోయిందా అమ్మా నీకు? మంత్రిగారి చెయ్యి పడకముందే ప్లగ్గు పెడితే ప్రారంభోత్సవం నువ్వు చేసినట్టవదూ?"

అంతటి ముందుచూపున్న అధికారి దొరకడం ఆ ఆసుపత్రి అదృష్టం. మంత్రిగారి కారు గేట్లోకి వచ్చాక గానీ చార్జింగ్ లేని యంత్రం పైకి లేవదన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టాక మాత్రం క్షణం ఆలస్యం చెయ్యలేదు. మంచం పక్క తెర లాగి, ఇద్దరు సిస్టర్లనీ దాని చాటుకు నెట్టాడు.

"నేను దగ్గగానే పేషెంటుని చాటునుంచి మీరే లేపండి."

యంత్రం గుడ్డ ఉయ్యాలలో లారీ ఓనరు పడుకున్నాడు. కాలు విరిగినా ఒళ్లు ఇసుమంతైనా తగ్గని మనిషి. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి మీట నొక్కారు. సూపరింటెండెంటు దగ్గాడు. లారీ ఓనరు పైకి లేచాడు.

తెర వెనక పెద్ద సిస్టర్ నడుం కలుక్కుమంది. "అమ్మా!"

"ఆ చప్పుడేంటయ్యా?" అన్నారు మంత్రిగారు.

"మోటారండి. కొత్తది కదా!"

"ఇంకాస్త పైకి పోతుందా?"

సూపరింటెండెంటు మళ్లీ దగ్గాడు.

"విమానం ఎక్కినట్టుంది సార్" అన్నాడు లారీ ఓనరు, ఫొటోగ్రాఫర్ వైపు చూస్తూ.

మంత్రిగారు కరిగిపోయారు. "మీట నొక్కడానికి ఒక వేలు చాలు కదయ్యా, ఇక్కడ ఇద్దరు సిస్టర్లు దండగ కాదూ? చిన్నామెను మా క్యాంపు ఆఫీసుకి పంపించండి. మా మామగారికి బీపీ చూసే దిక్కు లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. సిస్టర్లిద్దరికీ చేతులు ఖాళీ లేవు.

చిన్న సిస్టర్ "వెళ్లొస్తా అక్కా" అని కళ్లు తుడుచుకుంటూ కారెక్కింది. మంత్రిగారి చెయ్యి పడిన వస్తువు మాసిపోకూడదని సూపరింటెండెంటు యంత్రాన్ని గదిలో పెట్టించి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

వార్డు ఖాళీ అయ్యాక లారీ ఓనరు మూలిగాడు. "సిస్టరమ్మా, వీపు మండిపోతోంది. కాస్త పక్కకి తిప్పవా?"

పెద్ద సిస్టర్ తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. ఆయన మళ్లీ మూలిగాడు. పాపం, ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు?

"ఆ మంచం ఊచ గట్టిగా పట్టుకోండి బాబూ" అని, రెండు చేతులూ ఆయన వీపు కిందకి పోనిచ్చి, వంగింది.