సెయింట్ చౌడేశ్వరి కాన్వెంటు వారి గర్వకారణం

2004వ సంవత్సరం ఎండాకాలంలో పుంగనూరులోని సెయింట్ చౌడేశ్వరి ఇంగ్లీషు మీడియం కాన్వెంటు వారు, తమ బడిలో ఒక్కరోజు కూడా చదవని విద్యార్థినికి ఘనంగా సన్మానం చేశారు. ఇందులో వింతేమీ లేదు. చదివినవాళ్లలో సన్మానం చేయదగినవాళ్లు దొరకనప్పుడు ఏ విద్యాసంస్థ అయినా చేసే పనే అది.

అమ్మవారికి సెయింట్ హోదా ఎవరిచ్చారని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఏదో ప్రమోషన్ వచ్చి ఉంటుందని భక్తులు సంతోషించారు. కాన్వెంటు కరస్పాండెంటు రెడ్డెప్పగారు అంతకు ముందు కోళ్ల ఫారం నడిపేవారు. తెగులు తగిలి షెడ్లు ఖాళీ అయిన దరిమిలా ఆయనకు విద్యారంగానికి సేవ చేయాలన్న ఆలోచన కలిగింది. షెడ్లలో గాలికీ వెలుతురుకూ లోటు లేదు. పిల్లలు కోళ్లకంటే ఎక్కువ చోటు అడగలేదు.

పుంగనూరు పక్క పల్లెలో టమోటా పండించే లింగప్ప కొడుకు చరణ్ ఆ కాన్వెంటులోనే చదివేవాడు. ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా అన్న ప్రశ్న ఎదురైతే చాలామంది తల్లిదండ్రులు నిద్ర పోగొట్టుకుంటారు. లింగప్ప హాయిగా నిద్రపోయాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు గనుక సమస్య దానంతటదే పరిష్కారమైంది. పెద్దది అమరావతి ఆడపిల్ల, ప్రభుత్వ బడికి పోయింది. చిన్నవాడు చరణ్ మగపిల్లవాడు, కాన్వెంటుకు పోయాడు.

భార్య నంజమ్మ ఒకసారి అడక్కపోలేదు.

"పాపను గూడా ఆడికే పంపగూడదా?"

"దానికి యాల ఇంగ్లీషు? టమోటాలు తెంపేదానికా?" అన్నాడు లింగప్ప. చర్చ అంతటితో ప్రజాస్వామ్యబద్ధంగా ముగిసింది.

కాన్వెంటులో తెలుగు మాట్లాడితే జరిమానా. ఇంగ్లీషు చరణ్‌కు రాదు. అందువల్ల వాడు మాట్లాడటమే మానేశాడు. క్రమశిక్షణ అద్భుతంగా ఉందని టీచర్లు మెచ్చుకున్నారు. 'మే ఐ గో టు బాత్రూం' అన్న ఒక్క వాక్యం మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చుట్టాలొచ్చినప్పుడు లింగప్ప వాడి చేత దాన్నే చెప్పించి, కళ్లు తుడుచుకునేవాడు.

వాడి హోంవర్కంతా అక్క చేసేది. పల్లెకు ఆనుకునే ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో శ్రీనివాసులు సార్ అని ఇంగ్లీషు చెప్పే ఆయన ఉండేవారు. జీతం తీసుకుంటున్నాం కదా అని పాఠం కూడా చెప్పే అలవాటు ఆయనకు ఉండేది. ఇంగ్లీషు పేపరు తెచ్చి చదివించేవారు, చదివిన వార్త మీద పిల్లల్ని నిలబెట్టి మాట్లాడించేవారు. తప్పులు మాట్లాడినా నవ్వనిచ్చేవారు కాదు. అమరావతి మొదట ఏడ్చింది, తర్వాత తప్పులతో మాట్లాడింది, ఆ తర్వాత తప్పుల్లేకుండా మాట్లాడింది. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఇంట్లో దాని ఇంగ్లీషుతో ఎవరికీ పని లేదు.

పదో తరగతిలో అమరావతి మండలానికి ఫస్టు వచ్చింది. ఫలితాలు వచ్చిన రోజు పొద్దున్నే రెడ్డెప్పగారు పూలదండతో లింగప్ప ఇంటికి వచ్చి, దండను లింగప్ప మెడలోనే వేశారు.

"మా స్కూలు పేరు నిలబెట్నావప్పా, లింగప్పా!"

"పాప సదివింది గవర్మెంటు బడిలో గదా సార్?" అన్నాడు లింగప్ప బిత్తరపోయి.

"సదివింది యాడైతే ఏమప్పా? తమ్ముడు మాకాడ ఉండాడు. వాడు దినామూ మా సదువును ఇంటికి మోసుకొస్తాండాడు. ఆ గాలి తగలకుండా మండలం ఫస్టు యాడొస్తాది?"

లింగప్ప మెడలో దండ సరిచేసుకున్నాడు. అయినా ఆయన దృష్టిలో అమరావతి చదువు అయిపోయింది. వచ్చే వారం నుంచి తోటకు రమ్మన్నాడు. రెడ్డెప్పగారు ఆ దారి కూడా మూసేశారు. మదనపల్లెలో ఆయన బావమరిదికి ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉంది. సీటు, హాస్టలు అన్నీ ఉచితం. బదులుగా అమరావతి కాన్వెంటు టై కట్టుకుని ఫొటో దిగాలి, వార్షికోత్సవంలో వేదికెక్కి ఈ బడే నన్నింతదాన్ని చేసిందని నాలుగు మాటలు చెప్పాలి.

అమరావతి తోట వైపు చూసింది. తమ్ముడి టై కట్టుకుంది.

వారం తిరక్కుండానే బస్టాండు ఎదుట పెద్ద బోర్డు లేచింది. 'మా గర్వకారణం' అన్న అక్షరాల కింద అమరావతి నవ్వుతోంది. బస్సు కోసం నిలబడ్డ శ్రీనివాసులు సార్ ఆ బోర్డును చూస్తుండగానే అమరావతి ఆయనకు ఎదురుపడింది. ఏదో చెప్పబోయింది.

"ఫొటో బాగుండాది మ్మా," అని ఆయన బస్సెక్కి వెళ్లిపోయారు.

తిట్టి ఉంటే బాగుండేదనుకుంది. వార్షికోత్సవం దాకా ఆ పిల్లకు ముద్ద దిగలేదు. సన్మానం దగ్గర పడేకొద్దీ భయపడుతోందని అందరూ అనుకున్నారు.

వార్షికోత్సవానికి షెడ్ల ముందు షామియానా వేశారు. ముఖ్య అతిథి మదనపల్లె బావమరిదిగారే. "ఇంగ్లీషు లేకుంటే మనిషికీ మేకకూ తేడా యాడుండాది?" అని ఆయన అచ్చమైన మా తెలుగులో గంటసేపు ఉద్బోధించారు. మేకల్ని అమ్మి ఫీజులు కట్టిన తల్లిదండ్రులు ఆనందంగా చప్పట్లు కొట్టారు.

తర్వాత అమరావతిని పిలిచారు. మైకు ముందు నిలబడి జనాన్ని చూసింది. సీటు పోతే పోనీ అనుకుంది. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని స్పష్టమైన ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఆమె చెప్పింది ఇది:

నేను ఈ బడిలో ఎప్పుడూ చదవలేదు. నా టై మా తమ్ముడిది. బస్టాండులోని బోర్డు అబద్ధం. మా తమ్ముడు ఇక్కడ ఇన్నేళ్లలో నేర్చుకున్నది బాత్రూంకు వెళ్లడానికి అనుమతి అడగడం ఒక్కటే. నాకు చదువు చెప్పింది ప్రభుత్వ హైస్కూల్లో శ్రీనివాసులు సార్. దయచేసి మీ పిల్లల్ని ఇక్కడినుంచి తీసుకుపోండి.

ఆ పిల్ల కళ్లు మూసుకుని రాబోయే దెబ్బ కోసం నిలబడింది.

చప్పట్లు మోగాయి. వెనక వరుసల్లో ఈలలు వేశారు. బావమరిదిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "సూడండప్పా! ఒక్క తెలుగు ముక్కన్నా వచ్చిందా?" అని రెడ్డెప్పగారు మైకు లాక్కుని గద్గదమయ్యారు. అమరావతి నిర్ఘాంతపోయి, అప్పుడు ఏడ్చింది. ఆనందబాష్పాలని తల్లులంతా కళ్లొత్తుకున్నారు.

ఆ జనంలో చప్పట్లు కొట్టనివాడు ఒక్కడున్నాడు. మాటమాటా అర్థమై తల దించుకున్న శ్రీనివాసులు సార్. ఆయనకు అక్కడేం పని అని మీరు అడగరని నాకు తెలుసు. ఆయన కొడుకు అక్కడే యూకేజీ. మరి కాసేపట్లో కుందేలు వేషంలో ఆడాల్సి ఉంది.

దిగివచ్చిన కూతుర్ని లింగప్ప పట్టుకున్నాడు.

"ఏం సెప్పినావు మ్మా?"

"ఈ బడి మంచిది కాదని చెప్పినా నాయనా. తమ్ముణ్ణి మాన్పించమని చెప్పినా."

లింగప్ప భుజం మీది తువ్వాలు తీశాడు.

"ఏమన్నా సెప్పు. ఇంగ్లీషులో సెప్పినావు గదా!" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

అమరావతి ఆ ఉచిత సీటు పుచ్చుకోలేదు. అన్నం మానేసి తండ్రిని ఒప్పించి, మదనపల్లె ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరింది. బావమరిదిగారి కాలేజీ బోర్డు మీద ఆమె ఫొటో ఎలాగూ వేసుకున్నారు. వార్షికోత్సవం మర్నాడు కాన్వెంటు గేటు దగ్గర అడ్మిషన్ల కోసం తోపులాట జరిగి పోలీసులను పిలిపించాల్సి వచ్చింది. జనం కుప్పం వైపు నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. ప్రభుత్వ హైస్కూలుకు ఆ ఏడు కొత్త పిల్లలు రాలేదు. చాలినంత మంది లేరని శ్రీనివాసులు సార్‌ను రామకుప్పం బదిలీ చేశారు.

ఇదంతా చదివి మీరు లింగప్పను చూసి నవ్వుకుంటూ ఉంటారు. నవ్వండి. తర్వాత ఈ పుస్తకాన్ని దాచాల్సిన పని లేదు, ఇంట్లో ఎక్కడైనా పెట్టండి. మీ పిల్లలకు తెలుగు చదవడం రాదు కదా.